పూజలో పెట్టిన యుద్ధం

ఆగస్టు 17, ఆదివారం

జ్వరం పోయింది. వేళ్ళు మాత్రం నావి కావు. చికున్‌గున్యా వచ్చి కుంటేవాళ్ళను చూసి నవ్వినందుకు ఇప్పుడు నా చొక్కా గుండీలు కూడా నా పెళ్ళాం సుకన్యే పెడుతోంది. ఈ నాలుగు ముక్కలు గీకడానికే చెయ్యి సలుపుతోంది. వెనక షెడ్డులో మరమగ్గాలను పనివాడు సాంబయ్య చూసుకుంటున్నాడు కాబట్టి ఆ దిగులు లేదు. దిగులంతా ఆట గురించే. భానుచందర్‌కు ఇవాళ టర్న్ పంపాలి.

వాడు కాశిబుగ్గ బడిలో నా బెంచీ. మరిపెడలో ఎరువుల దుకాణం పెట్టుకుని ఊరు వదిలాడు గాని ఈ యుద్ధం వదల్లేదు. కంప్యూటర్‌ ఆట అది. లోకంలో లేని దేశాలు రెండు, లేని సరిహద్దు ఒకటి. నా టర్న్‌లో నా ట్యాంకులు, డ్రోన్లు జరిపి ఫైలు పంపిస్తాను. తర్వాత వాడు వాడివి జరిపి పంపిస్తాడు. నా పెళ్ళిరోజు కూడా టర్న్ ఎగ్గొట్టలేదు. వేళ్ళు వంగలేదని ఇప్పుడు ఎగ్గొడతానా.

సుకన్యను ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి మంచం మీద నుంచి చెప్పాను.

"గీ నీలి డబ్బాలేంది?"

"ట్యాంకులు. నది దాక ఉరికియ్యి."

"మరి గివి?"

"డీజిల్ బండ్లు."

"ట్యాంకులు గంత దూరం ఉరికినంక డీజిల్ ఎవలు పోత్తరు?"

"నీకెందుకు? చెప్పింది నొక్కు."

నొక్కుతున్న చప్పుడు వినపడింది. నేను నిద్రపోయాను.

ఆగస్టు 19

భానుచందర్ ఫోన్. "ఏంది బావా, జ్వరమొచ్చి బుద్ధి కూడ వచ్చిందా? ట్యాంకులు గుట్ట కాడ్నే ఆపినవ్. నేను నీ కోసం నది కాడ గుంట తవ్వుకోని కూసున్న."

"అప్పుడప్పుడు మార్చాలె గదరా" అన్నాను.

ఫోన్ పెట్టి సుకన్యను అడిగాను. నది దాకా పంపితే డీజిల్ అయిపోతుందని భయమేసి ఆపిందట. లేపుదామంటే మంచి నిద్రలో ఉన్నానట. తిడదామనుకున్నాను గాని, వాడు అంత మెచ్చుకున్నాక దేనికని తిట్టను?

ఆగస్టు 27, వినాయక చవితి

గెలిచాం. గెలిచాను. ఎన్నాళ్ళకో వాడి రాజధాని పట్టుకున్నాం. వాడు ఫోన్లో "బావా, నీకు మొక్కాలె" అన్నాడు.

వేళ్ళు బాగయ్యాయి. అయినా ఇంకో వారం సుకన్యనే ఆడమన్నాను. డాక్టర్ రెస్టు అన్నాడు కదా.

ఆగస్టు 31, ఆదివారం

భానుచందర్ సరుకు పని మీద వచ్చి మధ్యాహ్నం అన్నానికి దిగాడు. ముద్ద కలుపుతూ అడిగాడు, పోయిన ఆటలో ఎడమ పక్క గుట్టను ఎందుకు వదిలేశావని. నాకేం తెలుసు? పచ్చడి బాగుందన్నాను. మళ్ళీ అడిగాడు. అప్పుడు వంటింట్లో నుంచి సుకన్య అంది, "ఆ గుట్ట పట్టుకుంటె దాన్ని కావలి కాసుటానికి సగం మంది కావాలె అన్నా. గందుకే నీకే ఇడిసిపెట్టిన."

వాడి ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. నన్ను చూశాడు, వంటింటి వైపు చూశాడు, పొలమారేదాకా నవ్వాడు. "నీ ఇల్లు బంగారంగాను, ఇన్ని దినాలు చెల్లెతోనా నేను ఆడింది?"

తర్వాత వాళ్ళిద్దరే. ఆ గుట్ట, ఆ వంతెన, ఆ డ్రోను. తింటున్న వాడు తినడం మానేశాడు, వడ్డిస్తున్న ఆమె గరిటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. పెరుగు కావాలా అని నన్ను ఎవరూ అడగలేదు. లేచి నేనే వేసుకున్నాను.

పోతూ పోతూ, ఈ ఆట ఆడే తెలుగువాళ్ళ గ్రూపులో దసరా టోర్నీ ఉంది, చెల్లె పేరు కూడా రాయిస్తా అన్నాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టే ఉంటుందని నేను నవ్వాను. ఎవరూ నవ్వలేదు.

సెప్టెంబర్ 9

టోర్నీ రెండో రౌండ్‌లో ఓడిపోయాను. గుంటూరు వాడెవడో, పిల్లకాయ. నా నెట్ సరిగా లేదు. గ్రూపును మ్యూట్‌లో పెట్టాను. పొద్దున లేస్తే అక్కడ పొగడ్తలు తప్ప ఏమీ ఉండవు.

సుకన్య గెలిచింది.

సెప్టెంబర్ 13

ఏకై వచ్చి మేకై కూర్చుంది. ల్యాప్‌టాప్ నాది, ఆట నాది, నేర్పింది నేను. ఇప్పుడు నాకు జీఎస్టీ లెక్క కొట్టుకోవాలంటే "జర ఆగు, టర్న్ అయినంక" అంటుంది.

చాయ్ ఆలస్యమవుతోందని అమ్మతో అన్నాను. అమ్మ బీడీ పక్కన పెట్టి, "చాయ్ తాగేదాన్ని నాకు లేని ఫికర్ నీకేందిరా? కందకు లేని దురద కత్తిపీటకా?" అంది. మా అమ్మ లచ్చవ్వ కోడలి పక్షమే. ఎప్పుడు కాదు గనక.

ఒకటి మాత్రం ఉంది. ఫైలు పంపే ముందు ప్రతిసారీ పిలుస్తుంది. "విజ్జి బాపూ, గిట్ల పోతె ఎట్లుంటది?" మా కూతురు విజయశ్రీ హాస్టల్‌కు పోయినా పిలుపు మాత్రం అదే. నేను పేపర్లో నుంచి తల ఎత్తకుండా "నాకేం ఎర్క" అంటాను. గురువును మించిన శిష్యురాలికి గురువెందుకు?

సెప్టెంబర్ 16

అడిగింది. నాకేం ఎర్క అన్నాను.

సెప్టెంబర్ 18

మళ్ళీ అడిగింది. ఈసారి పేపర్ కూడా అడ్డం లేదు. అయినా అదే అన్నాను.

సెప్టెంబర్ 21, ఎంగిలిపూల బతుకమ్మ

సుకన్య బతుకమ్మ ఎత్తుకుని వీధి చివరకు పోయింది. అమ్మ కూడా పోయింది. సుకన్య ఫోన్ మోగితే నేనెత్తాను. భానుచందర్.

"చెల్లె లేదా?"

"నేనున్న."

"ఆఁ బావా. మంచిగున్నవా?"

మంచిగున్నవా అట. బడి నాటి నుంచి వాడు నన్ను ఆ మాట అడగలేదు. ఫోన్ ఎత్తగానే తిట్టుకునేవాళ్ళం. మంచిగున్నవా అని ఎవరిని అడుగుతాం? దూరపు చుట్టాన్ని అడుగుతాం. పెళ్ళిలో ఎదురుపడ్డ పేరు గుర్తురానివాణ్ణి అడుగుతాం.

"మంచిగనే ఉన్న" అన్నాను.

"ఏం లే, చెల్లె సెమీఫైనల్ గెలిచింది, చెప్పుదామని. వచ్చినంక చెయ్యమను."

చెప్పలేదు. మరిచిపోయాను.

సెప్టెంబర్ 24

ఫైనల్. సుకన్య, భానుచందర్. ఇంకెవరుంటారు?

ఫైనల్ అయ్యేదాకా ఇద్దరూ ఫోన్లు మాట్లాడుకోవద్దని వాళ్ళే అనుకున్నారట. నాకు హాయిగా ఉండాలి. లేదు. మాట్లాడుకుంటే కనీసం ఏం మాట్లాడుకుంటున్నారో వినేవాణ్ణి. ఇప్పుడు ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఏరుతూ చెయ్యి ఆపుతుంది, అంటే వాడి గురించి ఆలోచిస్తోంది. వాడు మరిపెడలో యూరియా బస్తా తూకం వేస్తూ ఈమె గురించి ఆలోచిస్తుంటాడు. నేను ఇద్దరి గురించీ ఆలోచిస్తున్నాను. నా గురించి ఎవరు ఆలోచిస్తున్నారు?

అనుమానం కాదు. వాడు ఆమెను చెల్లె అన్నాడంటే చెల్లెలే, వాడి గుణం నాకు తెలుసు. ఈ మాట రాసి పెట్టుకుంటున్నాను. అనుమానం కాదు. అనుమానమైతే కొట్లాడేవాణ్ణి, ఎవరికైనా చెప్పుకునేవాణ్ణి. ఇది చెప్పుకోవడానికి కూడా లేదు. నా పెళ్ళాం నా దోస్తుతో నాకన్నా బాగా ఆడుతోందని కడుపు మండుతోందంటే ఎవడైనా నవ్విపోతాడు.

సెప్టెంబర్ 28

టర్న్‌కు రెండు రోజుల గడువు. ఫైనల్‌లో ఒక్క టర్న్ తప్పినా ఓడినట్టే. ఊరికే రాసుకుంటున్నాను.

సెప్టెంబర్ 30, సద్దుల బతుకమ్మ

భానుచందర్ ఫైలు ఈ సాయంత్రం వచ్చింది. అంటే ఆమె గడువు దసరా సాయంత్రం. సుకన్యకు తొందరేమీ ఉన్నట్టు లేదు. తంగేడు పూలు పేర్చుకుంటూ పాట పాడుకుంటోంది. గెలుస్తానన్న ధీమా.

అక్టోబర్ 1, నవమి

ఆయుధ పూజ. దసరా రేపు గాంధీ జయంతి నాడు పడింది, మటన్ దొరకదని ఊరంతా ఇవాళే కొనుక్కుంది. నేనూ పొద్దున్నే లైన్లో నిలబడి తెచ్చాను. తర్వాత సాంబయ్య మగ్గాలు కడిగాడు, అమ్మ పసుపు కుంకుమ పెట్టింది. కత్తెరలు, పానాలు, స్కూటర్ తాళం, అన్నీ పీట మీద పెట్టాం. పూజలో పెట్టిన పనిముట్టును, దసరా మర్నాడు పొద్దున పూజ ఎత్తేదాకా ముట్టొద్దు. మా నాయన ఉన్నప్పుడు కత్తెర ముట్టానని వీపు పగలగొట్టాడు.

ఇవాళ ల్యాప్‌టాప్ కూడా పెట్టాలనిపించింది. జీఎస్టీ లెక్కలు అందులోనే కదా ఉండేది. భక్తిగా ఉండటంలో తప్పేముంది.

మూసే ముందు తెర మీద ఆమె ఆట తెరిచే ఉంది. చూడకూడదనుకుంటూనే చూశాను. భానుచందర్ నది అవతలి ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. వంతెన ఇవతల సుకన్య డీజిల్ బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి, దాటడానికి.

నాకు ఒళ్ళు మండింది. అది వాడు నా మీద వాడే జిత్తు. పోట్లాడకుండా ఊరు వదిలాడంటే పారిపోయాడని కాదు, పక్క అడవిలో రాకెట్లు దాచి కూర్చున్నాడని. వంతెన మీదికి డీజిల్ బండ్లు రాగానే పేల్చేస్తాడు. ఏటూరునాగారం అడవి చూసొచ్చిన ఏడాది కనిపెట్టాడు దాన్ని. నా బండ్లు ఎన్నిసార్లు కాలిపోయాయో. వేరే ఎవరితో ఆడినా వాడు అది తియ్యడు, "గది నీకే బావా, స్పెషల్" అనేవాడు. ఇప్పుడు దాన్ని కూడా ఆమెకిచ్చేశాడు.

మూసేశాను. తీసుకెళ్ళి పీట మీద పెట్టాను.

"గదెందుకురా, ఆడుకునేది గదా?" అంది అమ్మ.

"యుద్ధం ఆడుతం గదనే. ఆయుధమే."

అమ్మ కుంకుమ బొట్టు పెట్టేసింది. సుకన్య బంతిపూలు తెంపుతున్న చెయ్యి ఆపి నా వైపు చూసింది. కొట్లాడుతుందనుకున్నాను. నా మీదికి తప్పు రాకుండా నేనే అన్నాను, "నీ టర్న్ ఉన్నట్టుంది గదా?"

"పూజల పెట్టినంక ముట్టొద్దు గదా" అంది. ఒక పువ్వు తెచ్చి ల్యాప్‌టాప్ మీద తనే పెట్టింది.

అంతే. ఇంత తేలిగ్గా అయిపోతుందనుకోలేదు.

అక్టోబర్ 2, దసరా

పొద్దున్నుంచి గడియారమే చూశాను. మటన్ రుచి తెలియలేదు. సుకన్య ఒక్కసారి కూడా పీట వైపు పోలేదు. పాపం అనిపించింది. నిజంగానే అనిపించింది. ఓడిపోయాక నాలుగు మంచి మాటలు చెబుదామని కూడా అనుకున్నాను.

సాయంత్రం జమ్మి తెచ్చుకున్నాం. అమ్మ చేతిలో జమ్మి పెట్టి మొక్కాను. సుకన్య నా చేతిలో జమ్మి ఆకులు పెట్టి, కాళ్ళకు వంగి లేచి, అమ్మకు వినపడకుండా అడిగింది.

"నువ్వు గ్రూపు చూత్తలేవా?"

"లే. ఏంది?"

"నవమికి, దసరాకు టర్న్ గడియారం ఆపిండ్రు. పోయిన వారమే చెప్పిండ్రు. అందరి సిస్టమ్‌లు పూజల్నే ఉంటయి గదా."

"నాకెర్కనే" అన్నాను.

"ఆఁ" అంది. పక్కింటి సావిత్రమ్మకు జమ్మి ఇవ్వడానికి వెళ్ళిపోయింది.

తేలు కుట్టిన దొంగలా జమ్మి ఆకులు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. నిన్న నేను ల్యాప్‌టాప్ ఎత్తుకుని వస్తుంటే ఆమెకు అంతా తెలుసు. తెలిసే పువ్వు పెట్టింది.

అక్టోబర్ 3

అమ్మ పొద్దున్నే పూజ ఎత్తింది. సుకన్య ల్యాప్‌టాప్ మీది కుంకుమ తుడిచి కూర్చుంది. నేను షెడ్డుకు పోదామని చెప్పులు వేసుకుంటున్నాను.

"విజ్జి బాపూ, జర చూడు."

ఇంత జరిగాక కూడా పిలిచింది. వెళ్ళాను.

"భానన్న ఊరు ఇడిసిపెట్టి పోయిండు. బండ్లు దాటియ్యాల్నా?"

"ఫైనల్ల బయటోళ్ళు చెప్పొద్దు."

"చెప్పకులే. నీకేమన్న కనవడ్తాందా, గంతే."

వంతెన, ఖాళీ ఊరు, పక్కన పచ్చగా అడవి. నా పేరు రాసిపెట్టినంత స్పష్టంగా ఉంది.

"ఏం కనవడ్తలేదు" అన్నాను.

ఆమె చెయ్యి మౌస్ మీదే పెట్టుకుని నా మొహం వైపు కాసేపు చూసింది. తర్వాత నొక్కింది.

నియమం నియమమే. బయటివాళ్ళు చెప్పకూడదు.

అక్టోబర్ 4

వంతెన పోయింది. బండ్లన్నీ పోయాయి.

అక్టోబర్ 8

డీజిల్ లేక ట్యాంకులు ఎక్కడివక్కడే. సుకన్య ఓడిపోయింది. గ్రూపులో అందరూ బాగా ఆడావమ్మా అని రాశారట. మ్యూట్ తీసి చూశాను, రాశారు. నాకు సంతోషంగా లేదు. సంతోషపడాలని రెండు మూడు సార్లు ప్రయత్నించాను కూడా.

అక్టోబర్ 12, ఆదివారం

భానుచందర్ జమ్మి పట్టుకుని వచ్చాడు. దసరా దాటిపోయినా ఎండిన ఆకులు జేబులో దాచుకుని వచ్చాడు. నన్ను కౌగిలించుకున్నాడు, అమ్మ కాళ్ళకు మొక్కాడు. గెలిచినవాడి మొహం కాదది.

అన్నం ముందు కూర్చుని అన్నాడు. "నాకు గెలిచినట్టే లేదు బావా."

"ఏమైంది?"

"నేను అడివిల రాకెట్లు పెట్టుడు పెట్టిన గని పండుగ పూట ముద్ద దిగలే. చెల్లె పక్కన బావ ఉన్నడు, ఒక్క చూపు చూత్తె పట్టుకుంటడు, నా పని ఖతం అనుకున్న. గది నీ కోసం పెట్టింది గదనే. నువ్వు చూసి నవ్వుతవనుకున్న. నవ్వుకుంట ఫోన్ చేసి తిడతవనుకున్న. పొద్దున లేత్తె నీ ఫోన్ కోసమే చూసుడు."

సుకన్య అన్నం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"ఫైనల్ల బయటోళ్ళు చెప్పొద్దు గదరా" అన్నాను.

"గట్ల రూలెక్కడిది? నేను మా తమ్మున్ని అడిగే ఆడిన." వాడు నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. "అంటే నీకు కనవడ్డదా బావా?"

నేను పచ్చడి వేసుకున్నాను. ఇద్దరూ ఆడుతున్నంతసేపూ ఒకడు నా ఫోన్ కోసం చూస్తున్నాడు, ఒకతె నా మొహం చూస్తోంది. నేను ఒక్కణ్ణే కళ్ళల్లో నిప్పులు పోసుకుని కూర్చున్నాను.

"అన్నా, పెరుగు ఏత్తనా?" అంది సుకన్య.

వాడికి వేసింది. నాకూ వేసింది. అడక్కుండానే, ఎప్పటి కన్నా ఒక గరిటె ఎక్కువే వేసింది. నా కంచం మాత్రం చూడలేదు.

వాడు బస్సు ఎక్కేదాకా వెంట వెళ్ళాను. ఎక్కుతూ, "చెల్లెకు చెప్పరా" అన్నాడు. ఏం చెప్పాలో చెప్పలేదు.

అక్టోబర్ 13

చెప్పలేదు.

అక్టోబర్ 15

సుకన్య కొట్లాడుతుందేమోనని ఎదురుచూశాను. కొట్లాడితే బాగుండు. చాయ్ వేళకు ఇస్తోంది. జీఎస్టీ లెక్కకు ల్యాప్‌టాప్ అడగక ముందే ఇస్తోంది. కరీంనగర్ నుంచి యమున అని ఒకావిడతో కొత్త ఆట మొదలుపెట్టింది. ఫైలు పంపిస్తోంది. పంపే ముందు నన్ను పిలవడం లేదు.

అక్టోబర్ 17

మధ్యాహ్నం నేను పేపర్ చదువుతున్నాను. చదవడం లేదు, పట్టుకున్నాను. ఆమె టర్న్ దాదాపు అయిపోయింది, ముందు గదిలో నుంచి పిలిచింది.

"విజ్జి బాపూ."

ఒక్క ఉదుటున లేచాను. చెప్పు తగిలి తూలి, గోడ పట్టుకుని వెళ్ళాను. కుడి పక్క గుట్ట మీద డ్రోను పెట్టమని చెప్పాలి, పొద్దున్నుంచీ అదే అనుకుంటున్నాను.

"గ్యాస్ బండ వచ్చింది. లోపట పెట్టు."

పెట్టాను.

అక్టోబర్ 19, ఆదివారం

ఇవాళ చెప్పేశాను. ఆమె వెనక నిలబడి చూస్తున్నాను, యమున ఒక ఊరు ఖాళీ చేసి వెళ్ళింది, ఈమె బండ్లు రోడ్డెక్కుతున్నాయి.

"సుకన్యా, అడివి చూడు. రాకెట్లుంటయి. ఆ దినం కూడ గట్లనే ఉండె. నాకు కనవడ్డది. కనవడ్డా చెప్పలే. కడుపుమంటతోని చెప్పలే."

ఆమె తెర వైపే చూస్తోంది. కోపం లేదు, ఏడుపు లేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినట్టు మామూలుగా అంది.

"ఆటల బయటోళ్ళు చెప్పొద్దు గదా."

బండ్లను రోడ్డు మీద నుంచి వెనక్కి తెచ్చింది. అడవి మీదికి డ్రోను పంపింది. నా మాట విని చేసిందో, తను ముందే అనుకుందో నాకు తెలియదు. అడగాలంటే భయమేసింది.

చాలాసేపు అక్కడే నిలబడ్డాను. కాళ్ళు నొప్పి పుడితే గోడకు ఆనుకున్నాను. బయటివాణ్ణే. చూడొద్దని మాత్రం అనలేదు.